ఈతవనం నడికాపు

ఇప్పపూలు రాలే రోజులొచ్చాయంటే ఎలుగు ఓబయ్యకి గుండెలో ఒక మూల తియ్యగా సలుపుతుంది. ఆ ఏడూ అంతే. కొండ మలుపు తిరగ్గానే కింద ఈతవనం మైదానం కనబడింది. అదే ఎర్రమట్టి, అదే గట్టు, కుర్రకారు పరిగెడితే లేచే అదే దుమ్ము. ఓబయ్య నడక ఆపి, కళ్ళు మూసుకుని, ఆ దుమ్ము వాసనని లోపలికంటా పీల్చుకున్నాడు.

చుట్టుపక్కల అడవుల్లో కుర్ర జంతువులన్నీ బంతాట నేర్చుకునేది ఇక్కడే. గిజిగాళ్ళు ఈతాకులతో నోట్లో ఇమిడేంత బంతి అల్లి ఇస్తాయి. ఒక జట్టు ఆ బంతిని నోట కరుచుకుని అవతలి గీత దాటాలి, రెండో జట్టు అడ్డుకోవాలి. ముందు వరసలో దున్నలు తలలు ఆనించి తోసుకుంటాయి. వాటి వెనకాల ఒక్కడు నిలబడతాడు. వాడే నడికాపు. ఆ తోపులాటలోంచి బంతి ఎటు వస్తుందో కనిపెట్టి, తెచ్చేవాణ్ణి ఆపాల్సింది వాడే. ఓబయ్య ఒకప్పుడు ఈ మట్టిలోనే నడికాపు. ఇప్పుడు వయసైపోయి, పెద్దకోన జట్టుకి కుర్రవాళ్ళని ఎంచి తీసుకెళ్ళే పని చేస్తున్నాడు.

పోయిన ఏడు కొమ్ముల అందానికి మురిసిపోయి ఒక కణుజుని నడికాపుగా పట్టుకెళ్ళాడు. ఏటవతలి జట్టుతో ఆటలో బంతి ఒకవైపు వస్తే కణుజు ఇంకోవైపు దూకింది. పెద్దకోన ఓడింది. గెలిచిన అడవికే ఎండాకాలమంతా లోతుమడుగు నీళ్ళు. ఓడినవాళ్ళు రాళ్ళ సందుల్లో చెమ్మ నాకాల్సిందే. నాలుకలు పిడచగట్టిన లేళ్ళు ఓబయ్యకి ఇంకా కలలోకొస్తున్నాయి. బయల్దేరేటప్పుడు జట్టు పెద్ద ఏనుగు ఒకటే మాటంది. "ఓబయ్యా, ఇంకో ఎండాకాలం అలా గడవదు. చూసి తీసుకురా."

"దయచేయండి, దయచేయండి ఓబయ్యగారూ!" గట్టు దిగి గుంటనక్క సింగారం ఎదురొచ్చాడు. ఇప్పుడు ఈతవనంలో ఆట నేర్పే గురువు అతనే. "మీరొస్తున్నారని తెలిసి పొద్దున్నుంచీ మా పిల్లలు గడ్డిపరక ముట్టలేదు."

"నువ్వేం ముట్టావు?"

"నాదేముంది లెండి, ఏదో రెండు ఎండ్రకాయలు." నక్క మూతి తుడుచుకుని వెనక్కి తిరిగి పిలిచాడు. "ఒరే వీరాస్వామీ, ఇలా రారా!"

పొట్టేలు వీరాస్వామి వచ్చాడు. మెలితిరిగిన కొమ్ములు, నుదుటి మీద పడే ఉంగరాల బొచ్చు, నేల అదిరే నడక. ఓబయ్యకి ఒళ్ళు జల్లుమంది. తనూ ఒకప్పుడు ఇలాగే నడిచేవాడు కదా! ఇలాగే, లోకమంతా తననే చూస్తోందనుకుని.

"వీడు నా ప్రాణమండీ," అన్నాడు నక్క. "వీణ్ణి తీసుకెళ్తే నేనూ వెంట రావాల్సిందే. నేను పక్కన లేకపోతే మేతకి కూడా దిగడు. అన్నట్టు, పెద్దకోన పక్కనే చెరకు తోటలున్నాయటగా?"

"ఉన్నాయి."

"ఊరికే అడిగాను లెండి."

పరుగు పెట్టించారు, వీరాస్వామే ముందు. వాగు దూకించారు, వీరాస్వామే ముందు. పడిపోయిన చెట్టు మొద్దుని తోయమంటే కొమ్ములతో ఒక్క పోటు పొడిచి దొర్లించాడు. నడికాపుకి పోటీపడుతున్న రెండోవాడు మాదు అనే అడవిపంది. పొట్టి కాళ్ళు, బురద ఒళ్ళు. వాగు దూకబోయి మధ్యలో పడ్డాడు.

"ఒరే మాదూ, దూకమన్నారా, స్నానం చెయ్యమన్నారా?" అని నక్క నవ్వాడు.

"చల్లగా ఉన్నాయి గురువుగారూ," అని మాదు ఒళ్ళు విదిలించుకున్నాడు.

ఇక ఆట. బంతి తెచ్చే జట్టులో రెండు దుప్పులున్నాయి. ఇద్దరూ చెరోవైపు తల వంచుకుని మూతి బిగించి పరిగెడతారు. బంతి మాత్రం ఒకరి నోట్లోనే ఉంటుంది. ఎవరు తేవాలో ప్రతి ఆటకీ ముందు నక్క గురువే వాళ్ళని గట్టు దగ్గరికి పిలిచి చెవిలో చెబుతాడు. నడికాపుకి అది తెలియకూడదు, వాడంతట వాడు కనిపెట్టాలి.

మాదు కాసేపు కాపు కాశాడు. పెద్దగా పరిగెత్తినట్టే లేదు. దుప్పి బంతి కరుచుకుని దూసుకొచ్చేసరికి అక్కడ తాపీగా నిలబడి ఉన్నాడు. దుప్పి వచ్చి తగిలి కూలబడింది. మళ్ళీ అలాగే. ఒకసారి మాత్రం బంతి తప్పిపోయింది.

"చూశారుగా," అన్నాడు నక్క. "వాడు గుద్దడం లేదండీ, దుప్పులే వచ్చి గుద్దుకుంటున్నాయి. దారిలో బండరాయిని పెట్టినా అంతేగా!"

ఓబయ్య సరేనన్నట్టు తలూపాడు. మనసంతా పొట్టేలు మీదే ఉంది మరి.

నక్క వెళ్ళి గట్టు మీద కూర్చున్నాక వీరాస్వామి దిగాడు. అబ్బ, ఏం ఆట! దుప్పులు కదిలాయో లేదో, బంతి ఉన్న దుప్పి మీదికి మెరుపులా పడ్డాడు. ధన్‌మని మోత, ఎర్రగా లేచిన దుమ్ము. మళ్ళీ అంతే, ఆ మళ్ళీ కూడా అంతే. ఒక్కసారీ తప్పలేదు. ప్రతిసారీ గట్టు మీదున్న గురువు వైపు ఒక చూపు చూస్తున్నాడు కూడా.

ఆ చూపు చూసి ఓబయ్య కళ్ళు చెమర్చాయి. తన కాలంలో ఆ గట్టు మీద గౌరమ్మ కూర్చునేది. ముసలి గేదె, అప్పటి గురువు. ఎవర్ని పడగొట్టినా ఓబయ్య వెంటనే తలెత్తి ఆమె వైపు చూసేవాడు, మెచ్చుకుంటుందేమోనని. "నన్నేం చూస్తావురా ఓబా, నా మొహంలో ఉందా బంతి?" అని కసిరేది. ఒకరోజు విసిగిపోయి, మైదానానికి వీపు పెట్టి కూర్చుని నెమరువేసుకుంది. ఆ రోజే ఓబయ్యకి ఆటంటే ఏమిటో తెలిసింది. గౌరమ్మ పోయి ఎన్ని వానాకాలాలు గడిచాయో! ఆ వీపు మాత్రం ఇంకా కళ్ళముందే ఉంది.

'పాపం, వీడూ నాలాగే గురువు మెప్పు కోసం...' అనుకుంటూ మళ్ళీ చూశాడు ఓబయ్య. అంతలో ఏదో తేడా అనిపించింది.

తను చూసేది పడగొట్టాక. వీడు చూసేది పడగొట్టకముందు.

ఓబయ్య మెల్లగా నక్క వైపు తల తిప్పాడు. నక్క మొహంలో ఏమీ లేదు. తోక మాత్రం ఊగుతోంది. ఎడమకి ఊగితే పొట్టేలు ఎడమకి దూకాడు. కుడికి ఊగితే కుడికి.

ఎలుగు ఒళ్ళు విరుచుకుని గట్టెక్కాడు. "కాళ్ళు లాగేస్తున్నాయయ్యా సింగారం. నీ పక్కన కాస్త కూలబడతాను."

"అయ్యో, అటు నీడలో—"

నక్క మాట పూర్తికాకుండానే ఓబయ్య కూర్చున్నాడు. ఇప్పపూలు తిని బలిసిన ఒళ్ళంతా సరిగ్గా ఆ తోక మీదే పడింది.

నక్క కళ్ళు నుదుటికెక్కాయి. అరవడానికి నోరు తెరిచి, మూసేశాడు.

"ఏమైంది సింగారం?"

"ఏ... ఏం లేదండీ. ఎండ."

"కానివ్వండర్రా!" అని కేకేశాడు ఓబయ్య.

దుప్పులు బయల్దేరాయి. వీరాస్వామి గట్టు వైపు చూశాడు. తోక లేదు. అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్ళీ గట్టు వైపే చూశాడు. బంతి ఉన్న దుప్పి పక్కనుంచే నింపాదిగా గీత దాటింది. రెండోసారీ అంతే. మూడోసారి పొట్టేలుకి ఏడుపొచ్చేసింది.

"గురువుగారూ! ఎటో చెప్పండి! తోకేదండీ?"

మైదానమంతా గొల్లుమంది. దున్నలు తోసుకోవడం మానేసి నవ్వాయి.

"పోయినోడా, గట్టిగా అరుస్తావేంరా!" అన్నాడు నక్క, తోక లాక్కోలేక.

ఓబయ్య లేవకుండానే పిలిచాడు. "మాదూ, నువ్వు దిగరా. గట్టు వైపు చూస్తే మాత్రం ఒప్పుకోను."

"గట్టు మీదేముంది తాతా చూడ్డానికి?" అన్నాడు అడవిపంది. వెళ్ళి నిలబడ్డాడు. దుప్పులు వచ్చాయి. మాదు రెండడుగులు పక్కకి జరిగాడు, అంతే. బంతి ఉన్న దుప్పి వచ్చి తగిలి కూలబడింది.

"ఎలా తెలిసిందిరా?"

"బంతి నోట్లో ఉంటే నోటితో ఊపిరాడదు కదా తాతా. ముక్కుపుటాలు పెద్దవైపోతాయి. ఇందాక నా కంట్లో దుమ్ము పడింది, ఒకటి తప్పిపోయింది."

ఓబయ్య ఆ పొట్టి కాళ్ళ వైపు చూశాడు, బురద మూతి వైపు చూశాడు. బంతి దొరికాక ఎవరి మెప్పు కోసమూ తలెత్తని ఆ కళ్ళ వైపు చూశాడు. గౌరమ్మ ఉంటే ఈ ఒక్కడి ఆటకైనా ఇటు తిరిగి కూర్చునేదనిపించింది.

"పద, మడుగు నీళ్ళు నీకోసం ఎదురుచూస్తున్నాయి," అని లేచాడు.

తోక వదలగానే నక్క పెట్టిన కేకకి ఈతవనంలో పిట్టలన్నీ లేచిపోయాయి. ఆ తోక ఈతాకులా చదునైపోయింది. ఆ ఎండాకాలం పెద్దకోన లేళ్ళు లోతుమడుగులో మోకాళ్ళదాకా దిగి నీళ్ళు తాగుతుంటే, సింగారం గట్టు మీద తోక నాకుకుంటూ, తినని చెరకుని తలుచుకుంటూ కూర్చున్నాడు. పక్కన వీరాస్వామి నిలబడి, "గురువుగారూ, మేతకి ఎటెళ్ళను?" అని అడుగుతున్నాడు.

నీతి: కాపు కాసేవాణ్ణి ఎంచేటప్పుడు వాడి వేగం కాదు, వాడు ఎవరి వైపు చూస్తున్నాడో చూడాలి.