పెళ్ళిగుర్రం తిరిగిన వాలు

మంచు ఎప్పుడూ కరగని కొండలుండేవి. ఆ కొండల్లో మాట ఎప్పుడూ ఆగని మనుషులుండేవారు. ఎప్పటి సంగతంటే ఏం చెప్పను, మా తాతకి తాత కూడా విన్నాడే గానీ చూడలేదు.

అక్కడ దిస్కిత్ అని ఒక అవ్వ ఉండేది. పెళ్ళివారి గుర్రాల ముందు నడుస్తూ, కర్రతో మంచు గుచ్చి దారి చూడడం ఆమె పని. పనిమంతురాలే గానీ మనిషికి ఎప్పుడూ అయోమయమే. టోపీ నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం.

వాళ్ళ నాన్న పోతూ పోతూ మూడు మాటలు చెప్పాడు. కర్ర ఒకే తీరుగా దిగితే పోవచ్చు. గాలికి మంచు మేట వేసి ఉంటే అంచు పట్టుకుని పోవాలి. గట్టి మంచు అడుగున కల్లుప్పులాంటి పొడి తగిలితే... పోవాలన్నాడా, ఆగాలన్నాడా? ఎంత బుర్ర గోక్కున్నా గుర్తు రాలేదు. అలాంటి మంచు ఇన్నేళ్ళలో తగలనూ లేదు.

ఒకసారి పల్మో అనే పిల్లని అత్తారింటికి తీసుకెళుతున్నారు. పల్మో అవ్వకి తమ్ముడి కూతురు, ఎత్తుకుని పెంచిన పిల్ల. ఆ కొండల్లో ఒక పట్టింపు ఉంది. గడప దాటాక పెళ్ళికూతురి గుర్రం వెనక్కి తిరగకూడదు. తిరిగితే కాపురం నిలవదట.

మొదటి వాలు వచ్చింది. అవ్వ కర్ర గుచ్చింది.

"పోదామా, ఆగుదామా?" అన్నాడు తమ్ముడు.

"పోదాం."

పోయారు. రెండో వాలు వచ్చింది.

"పోదామా, ఆగుదామా?"

"అంచు పట్టుకుని పోదాం."

పోయారు. మూడో వాలు వచ్చింది. కర్ర కాసేపు మొరాయించి, ఒక్కసారిగా లోపలికి జారిపోయింది. అవ్వ చేత్తో తవ్వి చూసింది. కల్లుప్పే! కాళ్ళ కింద మంచు గుమ్మని మోగింది.

"పోదామా, ఆగుదామా?"

"నాకు తెలీట్లేదు తమ్ముడూ."

గుర్రాల మీదున్న వాళ్ళంతా ఫక్కున నవ్వారు. నాకైతే వాళ్ళ మీద ఇప్పటికీ కోపమే.

"తెలీకపోతే ఎలాగక్కా? గుర్రాన్ని తిప్పితే పిల్ల బతుకేం కాను?" అన్నాడు తమ్ముడు.

అవ్వకి ఏడుపొచ్చింది. తిప్పమంటే పిల్ల కాపురం పోతుందేమో. పొమ్మంటే పిల్లే పోతుందేమో. నాన్న గొంతు గుర్తొస్తోంది, మాట గుర్తు రావడం లేదు. ముందుకి చూసింది, వెనక్కి చూసింది. చివరికి ఒక్కటే తోచింది.

"ముందు నేనొక్కదాన్నే పోతా. అవతలికి చేరి చెయ్యూపితే రండి. అందాకా ఎవరూ అడుగెయ్యకండి."

"వద్దత్తా!" అని పల్మో గుర్రం మీంచి అరిచింది.

అవ్వ సగం దాకా వెళ్ళింది. దుప్పటి లాగేసినట్టు వాలు మొత్తం జారింది. మంచుపొడి సర్దుకునేసరికి అవ్వ లేదు. ఎంత తవ్వినా దొరకలేదు, ఎంత పిలిచినా పలకలేదు.

తమ్ముడు ఏడుస్తూనే పెళ్ళిగుర్రం కళ్ళెం పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఎవరూ వద్దనలేదు. పల్మో వేసవిలో అత్తారింటికి వెళ్ళింది. కాపురం నిక్షేపంగా నిలిచింది, మనవల్నీ ఎత్తుకుంది.

ఇప్పటికీ ఆ వాలు దగ్గర ఎవరైనా "నాకు తెలీట్లేదు" అంటే ఆ రోజుకి ప్రయాణం ఆపేస్తారు. నవ్వేవాడుండడు. మంచు ఎంత గట్టిగా ఉన్నా సరే, పెళ్ళివారు అక్కడ ఆగి, గుర్రాన్ని ఒక్కసారి ఊరివైపు తిప్పుతారు. అప్పుడు పెళ్ళికూతురే వాలుకేసి చూసి చెబుతుంది: "అత్తా, మేం ఆగాం."