పాలరేవు సత్రంలో సాలగ్రామం

అనగనగా, గోదావరి ఇంకా వంతెనంటే ఏమిటో ఎరగని రోజుల్లో, ఒక రాజు ఉండేవాడు. ఊఁ కొట్టండర్రా! ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ ఎక్కడిదక్కడే చతికిలబడుతుంది.

ఆ రాజు పేరు ముమ్మడి భూపతి. మంచివాడే. కాలువలు తవ్వించాడు, బాటలు వేయించాడు, యుద్ధాలన్నీ ముగించి కత్తి గోడకు తగిలించాడు. కోట నిండా ధాన్యం, గోశాల నిండా పాడి. ఏం లాభం? అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, అరవయ్యేళ్ళు దాటేసరికి రాజుగారి నోటికి రుచి పోయింది.

పాయసం పెడితే పిండినీళ్ళు అన్నాడు. మామిడిపండు పెడితే దూది అన్నాడు. వైద్యులు శొంఠి నాకించారు, పిప్పళ్ళు నమిలించారు, మిరియాల కషాయం పోశారు. ఉఁహూఁ! అలవాటు కొద్దీ తినడమే గాని, తిన్నట్టే ఉండేది కాదు. రోజురోజుకీ మనిషి చిక్కిపోయాడు.

ఒకనాడు మధ్యాహ్నం పళ్ళెం ముందు కూర్చుని, రాజు ఉన్నట్టుండి కళ్ళు తుడుచుకున్నాడు.

"పురోహితులవారూ, రుచి అన్నమాటకి నాకు ఒక్కటే గుర్తొస్తోంది. పాలరేవు సత్రంలో తీర్థం," అన్నాడు.

ఏమిటా తీర్థం అంటారా? చెబుతాను, తొందరపడకండి.

నలభై ఏళ్ళ కిందట శత్రువులు కోట పట్టుకున్నారు. అప్పుడు ముమ్మడి యువరాజు. ప్రాణాలు అరచేత పెట్టుకుని పారిపోయి, గోదావరి ఒడ్డున పాలరేవు సత్రంలో ఏడాది పాటు తలదాచుకున్నాడు. సింగన్న అని పేరు మార్చుకున్నాడు. కట్టెలు కొట్టాడు, రేవులోంచి నీళ్ళు మోశాడు. ఆ సత్రం నడిపే ఆవిడ పేరిందేవమ్మ. వంట ఆవిడది, పూజ ఆవిడ తమ్ముడు వరదయ్యది.

ఆ సత్రంలో దేవుడికి కాళ్ళూ చేతులూ లేవు. నిమ్మకాయంత నల్లరాయి. నున్నగా ఉంటుంది. ఒక పక్క చిన్న నోరు, ఆ నోట్లోకి తొంగిచూస్తే చక్రాలు. పేరిందేవమ్మ తాతగారు కాలినడకన ఉత్తరాన గండకీ నది దాకా వెళ్ళి, ఎముకలు కొరికే ఆ నీళ్ళలో మునిగి, దొరికిన సాలగ్రామాన్ని తలమీద పెట్టుకుని తిరిగి వచ్చాడు. పోను ఏడాది, రాను ఏడాది. సాలగ్రామానికి ప్రాణప్రతిష్ఠ అక్కర్లేదర్రా. ఉలి తగలని దేవుడాయన. నది దొర్లించి దొర్లించి ఇల్లు కట్టింది, విష్ణుమూర్తి వచ్చి కూర్చున్నాడు, అంతే.

అయితే ఆ దేవుణ్ణి ఇంట్లో పెట్టుకోవడం ఆషామాషీ కాదు. రోజూ నీళ్ళు పొయ్యాలి, రోజూ నైవేద్యం పెట్టాలి. ఆయన తినందే ఎవరూ తినకూడదు. పాలరేవు సత్రంలో పట్టు ఇంకా గట్టిది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదే ఆయన కోసం. ఆయనకి పెట్టగా మిగిలిందే మనుషులకి.

అబ్బ, ఆ మధ్యాహ్నాలు! పొద్దున్నించీ పడవలు దిగినవాళ్ళు, బళ్ళు దిగినవాళ్ళు, అందరూ అరుగుమీద బారులు తీరి కూర్చునేవాళ్ళు. లోపల కందిపప్పు ఉడుకుతుంటే ఆ వాసనకి కడుపులో పేగులు అరిచేవి. అయినా ఎవడూ మెతుకు అడగడు. వరదయ్య శంఖంతో సాలగ్రామం మీద నీళ్ళు పోసి, తులసిదళం వేసి, గంట కొట్టేవాడు. అప్పుడు అరచేతులు గుంటచేసి పట్టేవాళ్ళు. రాగి ఉద్ధరిణితో మూడు మాట్లు తీర్థం పోసేవాడు. ఆ నీళ్ళు గొంతులోకి దిగుతుంటే... ఇప్పుడు తలుచుకుంటే నాకే నోరూరుతోంది. రాజుకి ఊరదూ మరి?

"అదెంత భాగ్యం ప్రభూ!" అన్నాడు పురోహితుడు. "మన దేవతార్చనలో తీర్థానికేం కొదవ? నర్మదలో దొరికిన బాణలింగం ఉంది, అది శివుడు. శోణానదిలో దొరికిన ఎర్రరాయి ఉంది, అది గణపతి. మన స్వర్ణముఖిలో దొరికిన రాయి ఉంది, ఒంటిమీద బంగారు గీత, అది అమ్మవారు. మూడు నదుల రాళ్ళకీ అభిషేకం చేసి ఇస్తాను."

ఇచ్చాడు. రాజు మూడు తీర్థాలూ కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాడు.

"పవిత్రమే, కాదనను. ఆ రుచి మాత్రం లేదు. నాకు ఆ రాయే కావాలి," అన్నాడు.

వెంటనే భటుణ్ణి బంగారు కాసుల మూటతో పంపాడు. పేరిందేవమ్మకి అప్పటికి డెబ్భై అయిదేళ్ళు. నడుం వంగింది గాని నోరు వంగలేదు.

"సాలగ్రామాన్ని అమ్మాలా? అదేమన్నా వంకాయా, బీరకాయా? కొన్నవాడికీ పాపం, అమ్మినవాడికీ పాపం. మూట తీసుకుని వచ్చిన దారి పట్టు," అంది.

రెండోసారి రాజు ఊరు రాసిచ్చిన రాగిరేకు పంపాడు. "ఊరిస్తే మాత్రం వెల కాదా? వెళ్ళు, వెళ్ళు," అంది.

మూడోసారి రాజు ఒక తాటాకు మాత్రం పంపాడు. వరదయ్య చదివాడు. "అమ్మా, నేను నీ సింగన్నని. నోరు చచ్చిపోయింది, తిండి సహించడం లేదు. ఆ తీర్థం మళ్ళీ నోట పడితే బతుకుతాను. దానంగా అడుగుతున్నాను."

పేరిందేవమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, "అమ్మకూడదు గాని, దానమడిగితే లేదనకూడదురా వరదా. ఇచ్చెయ్యి," అంది.

"అక్కా, మరి మన పొయ్యి?" అన్నాడు వరదయ్య.

"ముందు వాడు బతకాలిగా," అంది.

సాలగ్రామం పట్టుగుడ్డలో పడవెక్కింది. సాయంత్రానికి కోట చేరింది.

మర్నాడు రాజుగారు పాలు తాగి, రెండు కజ్జికాయలు కొరికి, పూజకి వచ్చి కూర్చున్నాడు. బంగారు పళ్ళెంలో పన్నీటితో అభిషేకం. సన్నాయి మేళం. తీర్థం పుచ్చుకున్నాడు. ఏమీ లేదు.

రెండోనాడు రాజుగారు ఇడ్డెనలు తిని వచ్చాడు. ఈసారి బంగారం తీసేసి రాగి పళ్ళెం పెట్టారు, పన్నీరు మానేసి మంచినీళ్ళు పోశారు. ఏమీ లేదు.

మూడోనాడు రాజుగారు అరిసెలు తిని వచ్చాడు. పాలరేవు నుంచే బిందెలతో నీళ్ళు తెప్పించారు, సత్రం పెరట్లో తులసే కోయించారు. ఊహూఁ, ఏమీ లేదు!

రాజుకి ఒళ్ళు మండిపోయింది. ఆశ పెట్టుకున్నవాడి కోపం చెడ్డది.

"ముసలిది మోసం చేసింది! అసలు రాయి దాచుకుని, ఏదో రాయి నా మొహాన కొట్టింది," అన్నాడు.

"చక్రాలున్నాయి ప్రభూ," అన్నాడు పురోహితుడు భయంభయంగా.

"చక్రాలున్న రాయి ఇంకోటి ఉండకూడదా? రేపు నేనే వెళ్ళి అడుగుతాను. మోసమని తేలితే ఆ సత్రం పునాదులతో సహా పెరికించి గోదాట్లో కలిపేస్తాను."

"తమ చిత్తం. ఒకవేళ ఇది అసలైనదే అయితే పాపం తగలకుండా, తమరే తలమీద పెట్టుకుని మోయాలి. దారిలో కింద పెట్టకూడదు. దించేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు."

"అలాగే కానీ," అన్నాడు రాజు పంతంగా.

తెల్లవారుతూనే పడవ బయల్దేరింది. పోయేది ఏటికి ఎదురు. పడవ నడవదు, ఎండ ఆగదు. పడవవాళ్ళు చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తింటుంటే రాజు మొహం తిప్పుకున్నాడు. నెత్తిన రాయి, కడుపులో మండే ఆకలి. పాలరేవు చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది.

రాజు విసవిసా సత్రం మెట్లెక్కాడు. ఎక్కి, ఆగాడు. అరుగుమీద బారులు లేవు. పప్పు వాసన లేదు. బాటసారులు పెరట్లో ఎవరికి వారు మూడు రాళ్ళు పెట్టుకుని గంజి కాచుకుంటున్నారు. లోపల చాపమీద వరదయ్య పడుకుని ఉన్నాడు. పేరిందేవమ్మ గోడకి చేరగిలి కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయాయి.

"ఏం సింగన్నా, బాగున్నావా? నోటికి రుచి వచ్చిందా?" అంది ఆవిడ.

"రాలేదు! ఎలా వస్తుంది? నువ్విచ్చింది అసలు సాలగ్రామం కాదు. మోసం చేశావు," అన్నాడు రాజు.

ముసలావిడ కోపం తెచ్చుకోలేదు. రాజు మొహంలోకి చూసి, వంటింటి వైపు చెయ్యి చూపింది.

"వెళ్ళి నా పొయ్యిలో చెయ్యి పెట్టి చూడు నాయనా."

రాజు వెళ్ళాడు. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. అలికిడికి లేచి, ఒళ్ళు విరుచుకుని, బూడిద దులుపుకుని పోయింది. రాజు చెయ్యి పెట్టి చూశాడు. బూడిద చల్లగా ఉంది.

"అసలు దేవుణ్ణి నేను దాచుకుంటే ఆయన ఈ గూట్లోనే ఉండేవాడు కదా," అంది పేరిందేవమ్మ వెనకనించి. "ఆయనుంటే పొయ్యి వెలిగేది కదా. వచ్చినవాళ్ళ చేతికి బియ్యం, పప్పు ఇచ్చి బయట వండుకోమంటున్నాను. వాళ్ళకి లోటు రానివ్వలేదు. నేనూ, వరదయ్యా నీళ్ళతో ఉన్నాం."

"ఎన్నాళ్ళనించి?"

"ఇవాళ్టికి నాలుగు రోజులు."

రాజు బూడిద చేత్తోనే ఆవిడ వైపు తిరిగాడు. "ఒక్క మాట చెప్పి పంపకపోయావా అమ్మా?"

"నీకు చెప్పాలా?" అంది ఆవిడ. ఈసారి మాత్రం ఆ గొంతులో కోపం వినపడింది. "ఏడాది పాటు ఈ పొయ్యికి కట్టెలు కొట్టింది నువ్వు. ఈ ఇంటి పట్టు నీకు తెలియదూ? నీళ్ళ రుచి నలభై ఏళ్ళు గుర్తుపెట్టుకున్నావు, ఆ నీళ్ళిచ్చినవాళ్ళు ఏం తింటారో ఒక్కపూట తలుచుకోలేదు!"

రాజు తల వంచుకున్నాడు. యుద్ధంలో ఓడినప్పుడు కూడా అంత సిగ్గుపడలేదతను. తలమీది దేవుణ్ణి తీసి, తన చేత్తోనే గూట్లో కూర్చోబెట్టి, ఆ ముసలివాళ్ళిద్దరికీ సాష్టాంగపడ్డాడు.

"లే లే, రాజువి. నేలంతా దుమ్ము," అంది పేరిందేవమ్మ. "పడి ఏడిస్తే పప్పు ఉడకదు. వెళ్ళి పంక్తిలో కూర్చో."

పొయ్యి రాజుకుంది. బాటసారులు గంజికుండలు దించేసి, పంక్తికి వచ్చారు. రాజు వాళ్ళందరి చివర, ఒక కుమ్మరివాడి పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు. పప్పు ఉడుకుతోంది. రాజు పేగులు బాహాటంగా అరుస్తున్నాయి. కుమ్మరి నవ్వితే రాజూ నవ్వాడు. వరదయ్య శంఖం ఎత్తి నీళ్ళు పోశాడు. గంట మోగింది. ముందు వాళ్ళిద్దరూ పుచ్చుకున్నారు, తరవాత వరసగా అందరూ. చిట్టచివర రాజు అరచేయి గుంటచేసి పట్టాడు.

ఒక మాటు. రెండో మాటు. మూడో మాటు వేసేసరికి రాజు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అదే రుచి! తులసి ఘాటు, రాగి చలవ, నది తీపి, అన్నీ నాలుకకి తెలిశాయి.

"అమ్మా, అదే రాయి, అదే నీళ్ళు, అదే తులసి. కోటలో ఎందుకు లేదమ్మా ఈ రుచి?" అన్నాడు.

పేరిందేవమ్మ బోసినోటితో నవ్వింది.

"ఇవాళ పొద్దున్నించీ నీ నోట్లో ఏమన్నా పడిందా?"

"లేదు."

"కోటలో?"

రాజు నసిగాడు. "కజ్జికాయలు... ఇడ్డెనలు... అరిసెలు..."

"అదీ సంగతి! దేవుడి కంటే ముందు తిన్నవాడికి దేవుడేం రుచి చూపిస్తాడురా పిచ్చి నాయనా? పైగా ఇక్కడ మా ఇద్దరి కడుపులు మాడ్చి, అక్కడ ఒక్కడివే పుచ్చుకున్నావు. ఇక ప్రశ్నలు చాలించు. ఆకు వేశాను, అన్నం చల్లారిపోతుంది."

రాజు ఆకు ముందు కూర్చున్నాడు. వేడి అన్నం, ముద్దపప్పు, కాస్త నెయ్యి, చింతకాయ పచ్చడి. మూడుసార్లు మారు వడ్డించుకున్నాడని చెప్పుకుంటారు. సాయంత్రం ఉత్తచేతులతో, నిండు కడుపుతో పడవెక్కాడు. సాలగ్రామం మాట మళ్ళీ ఎత్తలేదు. గట్టు మీద సత్రం పొగగొట్టంలోంచి పొగ లేస్తుంటే, అది కనిపించినంతసేపూ దణ్ణం పెడుతూనే ఉన్నాడు.

పోయిన రోజులు ఎవరికి తీపి కాదు గనక? తలుచుకోండి, తప్పులేదు. కాని పిల్లలూ, పెద్దలూ, ఇది మాత్రం మరవకండి: మన జ్ఞాపకాన్ని తీపి చేసుకోవడానికి ఎదుటివాళ్ళ పొయ్యి ఆర్పకూడదు.