ఆటో దాటిపోయాక వచ్చిన మాట

మెట్టపాలెంలో పన్నెండు వేల రూపాయలతో పాత మైకు కొని, అద్దె ఆటోకు కట్టుకుని చాటింపు పని మొదలుపెట్టిన దాలినాయుడికి లెక్కలు నోటిమీద ఉండేవి గానీ, మాటలో పొదుపు మాత్రం తెలిసేది కాదు. చేపలు వచ్చాయని చెప్పాలన్నా "సముద్రుడి ఒడిలో ఓలలాడిన" అంటూ ఎత్తుకునేవాడు. జనం నవ్వుకునేవారు. అతను దాన్ని మెప్పనుకునేవాడు.

ఒకరోజు పొద్దున పంచాయతీ గుమస్తా రొప్పుతూ వచ్చాడు.

"నాయుడూ, గొట్టం పగిలి మంచినీళ్లలో మురుగు కలిసింది. ఇవాళ పట్టుకున్న కుళాయి నీళ్లు తాగొద్దని ఊరంతా చెప్పెయ్."

"అంత మొరటుగానా సార్! కాస్త ఇంపుగా రాయనివ్వండి."

"ఇంపో కంపో, ముందు బయలుదేరు!"

దాలినాయుడు రాసుకునే బయలుదేరాడు. "సకల జీవకోటికి ప్రాణాధారమై, అమృతంతో సమానమైన జలం విలువ తెలిసిన మెట్టపాలెం ఆదర్శ పౌరులారా..." అంటూ సాగే ఆ వాక్యంలో 'తాగవద్దు' అన్న మాట చిట్టచివర ఉంది. ప్రతి వీధి మొదట్లో వాక్యం ఎత్తుకున్నాడు. అది ముగిసేసరికి వీధి అయిపోయేది.

సాయంత్రానికి పడమటి వీధిలో ఇంటింటా వాంతులు. సంగతి తెలిసి దాలినాయుడు ఆస్పత్రికి పరుగెత్తాడు. మనవరాలిని ఒళ్లో పడుకోబెట్టుకున్న పైడితల్లమ్మ అతన్ని చూసి భగ్గుమంది.

"ఏట్రా, నీ మైకు మండిపోనూ! అమృతం, అమృతం అని అరుచుకుంటూ పోయావు. మంచిదే కదా అని పిల్లకి గ్లాసుడు తాగించాను!"

"చివర్లో తాగొద్దన్నాను కదా పిన్నీ!"

"ఆ చివర ఎవరు విన్నార్రా? నీ ఆటో మా గుమ్మం దాటి మలుపు దాకా పోయింది. అక్కడ కట్టేసిన గేదెలు విని ఉంటాయి. పోయి వాటినడుగు!"

పక్కనున్నవాళ్లెవరూ నవ్వలేదు. దాలినాయుడు మనసులో లెక్క కట్టాడు. ఆటో నడిచే వేగానికి ఒక్కో ఇంటికి తన గొంతు పది సెకన్లు వినబడుతుంది. తన వాక్యం నలభై సెకన్లు. వీధి చివరి రెండిళ్లకు తప్ప ఎవరికీ అసలు మాట చేరలేదు! ఆటోకు రోజుకెంత డీజిల్ పోయాలో చుక్కతో సహా చెప్పగలిగే తనకు ఈ లెక్క పొద్దున ఎందుకు తట్టలేదు? తన మీద తనకే ఒళ్లు మండింది.

నర్సు వచ్చి పిల్ల నాడి చూసింది. "భయం లేదు, తేరుకుంటుంది" అంది.

పైడితల్లమ్మ కళ్లు తుడుచుకుంది. కోపం మాత్రం తగ్గలేదు. "ఇంకా గుడ్లప్పగించి నిలబడ్డావేం? తూర్పు వీధి బిందెల్లో ఇప్పటికీ ఆ నీళ్లే ఉన్నాయి. నడు!"

దాలినాయుడు జేబులోని కాగితం ముక్కలు ముక్కలుగా చించేశాడు. తూర్పు వీధి మొదట్లో ఆటో ఆపి మైకు అందుకున్నాడు. ఈసారి అతని దగ్గర మూడే మాటలున్నాయి: "కుళాయి నీళ్లు తాగొద్దు."

వినేవాడి ప్రాణం నిలబెట్టే మాటను ముందు చెప్పాలి. అలంకారాలు ఎంత అందమైనవైనా దాని వెనకే నడవాలి.