పోలన్నకు రాని ఆట

కొండలకు అవతల, రెండు నదుల నడుమ, కదిరెగిరి అనే ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని చండభానుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ తనకు తెలిసినంత యుద్ధవిద్య భూమ్మీద మరెవరికీ తెలియదని ఆయన నమ్మకం.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక ఆట కనిపెట్టాడు. దానికి దండయాత్ర అని పేరు పెట్టాడు. సభామండపం మధ్య రెండు మంచాలంత వెడల్పు బల్ల వేయించి, దాని మీద టేకుతో కొండలు చెక్కించి, నీలిరంగుతో నదులు గీయించి, మూడు వందల బొమ్మలు నిలబెట్టాడు. అది చదరంగంలా తేలిగ్గా ఉండకూడదని, అసలు యుద్ధంలాగే ఉండాలని ఆయన పట్టు. అందుకని వానకో నియమం, బురదకో నియమం, గుర్రం అలుపుకో నియమం, బండి ఇరుసు విరగడానికో నియమం రాయిస్తూ పోయాడు. ఇరవై ఏళ్లలో అవి ఆరు వందల నలభై అయ్యాయి. ఆ తాళపత్రాల కట్టను పేరిభట్లనే ముసలి లేఖకుడు కాపాడుతుండేవాడు.

ఆ రాజ్యంలో దళనాయకుడు కావాలంటే ఎంతటివాడైనా ముందు రాజుగారితో దండయాత్ర ఆడాలి. నేర్పేవాళ్లు లేరు. తప్పు ఎత్తు వేసినవాడు లేచి నిలబడి, నలభై మంది సభికులు వినేలా "నాకు యుద్ధం తెలియదు" అని మూడుసార్లు చెప్పి వెళ్లాలి.

ఆ నలభై మందిలో ఓబళయ్య ఒకడు. మంచి మాటకారి. రాజు పక్కన కూర్చుని సమయానికి తగ్గట్టు ఒక మాట విసిరి సభను నవ్వించడమే ఆయన కొలువు.

ఒకరోజు ఉత్తరపు కనుమ నుంచి పోలన్న అనే అతను వచ్చాడు. కొండల మధ్య ఆ ఇరుకు దారిని ముప్పై మందితో పదకొండేళ్లుగా కాస్తున్నవాడు. అక్కడి పాత నాయకుడు చనిపోతే, ఆ పదవికి పోలన్నే తగినవాడని తోటివాళ్లు పంపించారు. పశువులు మేపుకునే ఇంట్లో పుట్టినవాడు. చెప్పులు ద్వారం దగ్గర విడిచి, బల్ల ముందు ఒదిగి కూర్చున్నాడు.

రెండు ఎత్తులు బాగానే వేశాడు. మూడో ఎత్తులో గుర్రాన్ని ఏరు దాటించి అవతలి గట్టు మీద పరుగెత్తించాడు. రాజు ఆ బొమ్మను పట్టుకుని ఆపాడు.

"నూట నలభై రెండో నియమం ఏమిటో చెప్పు."

"తెలియదు, ప్రభూ."

పేరిభట్లు వంగి రాజు చెవిలో ఏదో చెప్పాడు. రాజు గట్టిగా అన్నాడు. "ఏరు దాటిన గుర్రం ఆ పూట పరుగెత్తరాదు."

"వేసవిలో మా ఏరు మోకాలి లోతే ఉంటుంది, ప్రభూ. దానికే గుర్రం అలిసిపోదు," అన్నాడు పోలన్న మెల్లగా.

"నాకు నేర్పడానికి వచ్చావా?" అని రాజు ఆ గుర్రాన్ని తెచ్చి నీలిరంగు మధ్యలో పెట్టాడు.

అప్పుడు ఓబళయ్య నోరు ఊరుకోలేదు. "దాని తప్పేం లేదు, ప్రభూ. పోలన్నగారింట పెరిగింది కదా, అది గేదె అయ్యుంటుంది. నీళ్లు కనిపిస్తే ఇంకెక్కడికీ కదలదు."

ఓబళయ్యతో సహా సభంతా ఘొల్లుమంది. రాజు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. పోలన్న లేచి నిలబడి ఆ మాట మూడుసార్లు చెప్పాడు. నడుముకున్న కత్తిని విప్పి గడప దగ్గర పెట్టి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వెళ్లిపోయాడు.

ఓబళయ్య ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చున్నాడు. సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. తన మాటకు జనం నవ్వడం ఆయనకు కొత్త కాదు. కానీ ఆ చెప్పుల జత ద్వారం దగ్గర అలాగే పడి ఉండడం పదేపదే కళ్లకు కట్టింది. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు ఆ చెప్పులూ కత్తీ ఒక గుడ్డలో చుట్టుకుని పోలన్న ఊరికి బయలుదేరాడు.

పోలన్న ఇంట్లో లేడు, పశువుల వెంట వెళ్లాడు. అతని భార్య ఈరమ్మ అరుగు మీద కూర్చుని నార తాడు పేనుతోంది. ఓబళయ్య ఎవరో తెలిసినా, లేచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"కత్తి వద్దంటాడు అయ్యా. చెప్పులు మాత్రం ఇచ్చి వెళ్లండి," అంది.

"నేను అతనితో ఒక మాట చెప్పుకోవాలని వచ్చాను, అమ్మా."

"ఆయన ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. ఒక్క సంగతి నన్ను అడగనివ్వండి. మీకా ఆట వచ్చా?"

ఓబళయ్య మజ్జిగ చెంబు కింద పెట్టాడు. "రాదు."

"మరెందుకు నవ్వారు?"

ఆవిడ కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మాటలే బతుకుగా బతికిన ఓబళయ్యకు ఒక్క మాట దొరకలేదు. చెప్పులు అరుగు కింద పెట్టి, కత్తి మళ్లీ చుట్టుకుని, తల దించుకుని వచ్చేశాడు. దారి పొడుగునా ఆ ప్రశ్నే. ఊరి పొలిమేరకు చేరేసరికి జవాబు తెలిసింది. తనకు రాదని ఎవరైనా కనిపెడతారేమోనన్న భయంతోనే నవ్వాడు. ఆ జవాబు తెలిశాక సిగ్గు తగ్గకపోగా ఇంకా పెరిగింది.

మరునాటి నుంచి నాలుగు రోజులు ఆయన పగలంతా పేరిభట్ల పక్కన కూర్చుని నియమాలన్నీ చదివించుకున్నాడు.

"ఆరేళ్లయింది ఈ కట్టను ఎవరైనా పూర్తిగా విప్పమని అడిగి," అన్నాడు పేరిభట్లు. "ప్రభువులు కూడా ఆట మధ్యలో చెవిలో చెప్పించుకోవడమే తప్ప చదవరు."

ఇంతలో కనుమ నుంచి కబురు వచ్చింది. పొరుగు రాజు గుర్రాలు కొండ కింద తిరుగుతున్నాయి. కాపలా వాళ్లు ముప్పై మందీ ఉన్నారు గానీ, చెప్పి నడిపించేవాడు లేడు. రాజు వరసగా ముగ్గుర్ని పిలిపించాడు. ఒకడు జ్వరమన్నాడు, ఒకడు తీర్థయాత్రకు వెళ్లాడన్నారు, మూడోవాడు బల్లను చూసి ద్వారం దగ్గర్నుంచే వెనక్కి తిరిగాడు.

"నా రాజ్యంలో బుద్ధి ఉన్నవాడే పుట్టలేదు," అన్నాడు రాజు చిరాకుగా.

ఓబళయ్య లేచి చేతులు కట్టుకున్నాడు. "నాకో అవకాశం ఇప్పించండి, ప్రభూ. నేను ఆడతాను. ఓడితే ఆ మాట మూడుసార్లు చెప్పి కొలువు వదిలి పోతాను. గెలిస్తే ఒక్క కోరిక తీర్చాలి."

రాజుకు సరదా పుట్టింది. "నువ్వా? సరే కూర్చో. పేరిభట్లూ, గ్రంథం తే."

"ప్రభువులు చెప్పి రాయించిన గ్రంథం ప్రభువులకే చూపించడమా? ఆ కట్ట అలాగే ఉండనివ్వండి. ఇద్దరం జ్ఞాపకంతోనే ఆడదాం."

నలభై మంది చూస్తున్నారు. కాదనడానికి రాజుకు మనసొప్పలేదు. పేరిభట్లు దూరంగా గోడ వారన కూర్చున్నాడు.

ఆట మొదలైంది. మొదట రాజుదే పైచేయి. ఆయన పెద్ద ఏనుగు ఓబళయ్య కోట గుమ్మం దాకా వచ్చింది. ఓబళయ్య మూడు డప్పుల బొమ్మలు తెచ్చి దాని ఎదుట పెట్టాడు.

"రెండు వందల పదకొండో నియమం ప్రకారం మూడు డప్పుల ముందు ఏనుగు నిలవదు కదా, ప్రభూ."

రాజు చెయ్యి గాలిలో ఆగింది. అలవాటుగా చెవి పక్కకు వంచాడు. అక్కడ ఎవరూ లేరు. పేరిభట్లు తన కాలి వేళ్లు చూసుకుంటున్నాడు.

"తెలుసు," అని రాజు ఏనుగును వెనక్కి లాగాడు.

పది ఎత్తులయ్యాక ఓబళయ్య మళ్లీ అన్నాడు. "మూడు వందల ఆరో నియమం. వంటబండి వెనకబడిన దళం ఆయుధాలు దించాలి. ప్రభువుల వంటబండి ఇంకా నది అవతలే ఉంది."

"ఆ నియమం రాసింది నేనే కదయ్యా," అని రాజు ఎనభై బొమ్మలను తన చేత్తోనే పడుకోబెట్టాడు.

తర్వాత వాతావరణం తేల్చే గవ్వలు వేస్తే వాన అని పడింది. ఓబళయ్య వినయంగా దగ్గాడు. "ఐదు వందల మూడు. వానలో ఏటి ఒడ్డున గుడారం వేసిన సేనాపతికి జలుబు చేస్తుంది. జలుబు చేసిన సేనాపతి రెండు ఎత్తుల దాకా ఆజ్ఞ ఇవ్వరాదు."

రాజు సేనాపతి సరిగ్గా ఏటి ఒడ్డునే ఉన్నాడు. రాజు మింగలేక కక్కలేక తల ఊపాడు. ఆ రెండు ఎత్తుల్లో ఓబళయ్య కాలిబంట్లు ఐదుగురు నడుచుకుంటూ పోయి రాజుగారి కోటలో కూర్చున్నారు.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఓబళయ్య అటు తిరిగాడు. "ఎవరూ నవ్వకండి. ఆట ఇంకా అయిపోలేదు."

తర్వాత రాజుతో అన్నాడు. "ప్రభూ, నేను చెప్పిన మూడు నియమాల్లో రెండు నేను అల్లినవి. ఒక్కటే గ్రంథంలో ఉంది. ఏది ఉందో సెలవిస్తే నేను ఓడినట్టే."

రాజుకు ప్రాణం లేచివచ్చింది. "డప్పులది నాదే, బాగా గుర్తుంది. జలుబు మాత్రం నీ వెర్రి. అంత పిచ్చి నియమం ఎవడైనా రాస్తాడా?"

ఓబళయ్య పేరిభట్లకు సైగ చేశాడు. ముసలాయన కట్ట విప్పి, ఆకు తీసి చదివాడు. ఐదు వందల మూడో నియమం, సేనాపతి జలుబు, అక్షరం పొల్లుపోకుండా ఉంది. డప్పుల ముచ్చటా, వంటబండి ముచ్చటా ఎక్కడా లేవు.

"ఇది పన్నెండేళ్ల కిందట శ్రావణమాసంలో రాయించారు," అన్నాడు పేరిభట్లు నెమ్మదిగా. "అప్పుడు ప్రభువులకు జలుబుగా ఉండింది."

ఎవరూ నవ్వలేదు. రాజు చెవులు ఎర్రబడ్డాయి. తల ఎత్తితే నలభై ముఖాలు తనవైపే. బల్లకు ఆ పక్క కూర్చున్నవాడికి ఈ సభ ఎలా కనిపిస్తుందో ఆయనకు మొదటిసారి తెలిసింది.

ఓబళయ్య గొంతు తగ్గించాడు. "ప్రభూ, మిమ్మల్ని చిన్నబుచ్చాలని ఈ పని చేయలేదు. ఆనాడు పోలన్నను చూసి నవ్వించింది నేను. నాకా నియమం తెలియదు. ఈ ఆటే నాకు రాదు. నాలుగు రోజులు కష్టపడి నేర్చుకున్నది ఆ ఒక్క జలుబే. రానివాణ్ణి చూసి నవ్వితే వచ్చినట్టు కనిపిస్తానని నవ్వాను. అతని భార్య నిలదీస్తే జవాబు చెప్పలేకపోయాను."

రాజు పడుకోబెట్టిన బొమ్మ ఒకటి లేపి నిలబెడుతూ, "ఏం కావాలి నీకు?" అని అడిగాడు.

"నాతో పోలన్న ఇంటికి రావాలి."

మరునాటి పొద్దున ఇద్దరూ వెళ్లారు. ఓబళయ్య పోలన్న కత్తిని కూడా వెంట తెచ్చాడు. పోలన్న పెరట్లో దూడకు మేత వేస్తున్నాడు. రాజును చూసి చేతులు జోడించాడు.

రాజు వచ్చే దారిలో చాలా మాటలు కూర్చుకున్నాడు. అవన్నీ వదిలేశాడు. "ఆ గుర్రం నియమం నాకూ తెలియదు, పోలన్నా. పేరిభట్లు చెవిలో చెబితే చెప్పాను," అన్నాడు.

పోలన్న దూడ ముందు ఇంకాస్త మేత వేశాడు.

ఓబళయ్య ముందుకు వచ్చాడు. "తప్పు నాది కూడా. నన్ను క్షమించమని అడగడానికి అప్పుడు వచ్చి, అడగలేకే వెళ్లిపోయాను."

"మీరిద్దరూ బాధపడుతున్నారని తెలుస్తూనే ఉంది," అన్నాడు పోలన్న. "కానీ నేను ఆ సభలో మూడుసార్లు అన్న మాట మా వాళ్లందరికీ తెలిసిపోయింది. నా చిన్నకూతురు కూడా అడిగింది, నీకు యుద్ధం రాదా నాన్నా అని."

ఈరమ్మ చాప తెచ్చి వేసింది. రాజు దాని మీద కూర్చుని, "కనుమలో కొత్తగా వచ్చినవాళ్లకు నువ్వు ఎలా నేర్పుతావు?" అని అడిగాడు.

పోలన్న కాస్త తటపటాయించి, మట్టిలో రెండు గీతలు గీసి, ఎనిమిది రాళ్లు పెట్టాడు. "ఇది దారి. ఇవి మూడు రాళ్లు, మన వాళ్లు. ఆ ఐదూ పరాయివాళ్లు. వాళ్లు లోపలికి రాకూడదు. మొదటి రోజు ఇంతే, ప్రభూ. వాన, బురద, గుర్రాలు తర్వాత ఒక్కొక్కటే చెబుతాను."

"తప్పు వేస్తే?"

"వెనక్కి తీసి మళ్లీ వేయమంటాను. కొండ మీద తప్పు జరిగితే వెనక్కి తీసుకోలేం కదా. అందుకే ఇక్కడ తీసుకోనిస్తాను."

రాజు ఆ మూడు రాళ్లతో ఆడాడు. మూడుసార్లు ఓడిపోయాడు. నాలుగోసారి రెండు ఎత్తులు వెనక్కి తీసుకుని గెలిచాడు. లేచి వెళ్తూ, కనుమకు నాయకుడిగా వెళ్లమని ఆజ్ఞాపించలేదు, అడిగాడు. పోలన్న ఆ పూటంతా ఆలోచించాడు. సాయంత్రానికి, అక్కడే ఆగిన ఓబళయ్య దగ్గర్నుంచి కత్తి తీసుకుని బయలుదేరాడు. అతను వచ్చాడని తెలిసి ముప్పై మందీ దారిలో నిలబడ్డారు. పొరుగు గుర్రాలు కొండ కింద నాలుగు రోజులు తచ్చాడి వెనక్కి మళ్లాయి.

వానలు పడి కనుమ దారి మూసుకుపోయాక పోలన్న రాజధానికి వచ్చాడు. సభామండపంలో పెద్ద బల్ల పక్కనే ఒక పీట వేయించారు. దాని మీద రెండు గీతలు, ఎనిమిది రాళ్లు. నేర్చుకోవాలనుకున్న కొత్తవాళ్లు పదకొండు మంది చుట్టూ కూర్చున్నారు. రాజు సింహాసనం దిగి వాళ్ల పక్కన కూర్చున్నాడు.

ఓబళయ్య తన ఆసనం మీంచి లేచి వెళ్లి పదమూడోవాడిగా కూర్చున్నాడు. "నాకు రాదు. మొదటి నుంచి చెప్పు," అన్నాడు, అందరికీ వినబడేలా.

కాసేపటికి మంత్రిగారు ఉత్తరీయం సర్దుకుంటూ లేచారు. "నాకు కూడా, నాయనా," అని వచ్చి చతికిలబడ్డారు. ఆయన వెనక కోశాధికారి, ఆయన వెనక ఇద్దరు పండితులు, తర్వాత ఇరవై ఏళ్లుగా ఆ బల్ల ముందు తలలూపిన వాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చారు. పీట చుట్టూ చోటు చాలలేదు.

రాజు వాళ్లందర్నీ లెక్కపెట్టి చూశాడు. "అయితే ఇన్నేళ్లూ ఈ ఆట వచ్చినవాడు ఒక్కడూ లేడన్నమాట, నాతో సహా," అని, నవ్వడం మొదలుపెట్టాడు. ఎవర్నీ చూసి కాదు. పొట్ట పట్టుకుని, తనను తానే తలచుకుని నవ్వాడు. నవ్వు ఆగాక తన చేతి బంగారు కడియం తీసి ఓబళయ్యకు తొడిగాడు.

ఓబళయ్య దాన్ని కళ్లకద్దుకుని, రాయి తీసి ఎత్తు వేశాడు. అది తప్పు చోట పడింది. పోలన్న ఏమీ అనకుండా ఆ రాయిని తీసి మళ్లీ ఆయన చేతిలో పెట్టాడు.