కౌజుల కొత్త పాట, నక్క చెప్పిన తప్పులు

ఉలవచేల చివరి రాళ్లగుట్ట మీద నాలుగు కౌజుపిట్టలు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నాయి. కౌజమ్మ పాడేది, మొగుడు వంత పలికేవాడు, ఇద్దరు మరుదులు పలకరాతి మీద రెక్కలతో దరువేసేవాళ్లు. దరువంటే అలాంటి ఇలాంటి దరువు కాదు! గుట్టమీది బండలు జానెడెత్తు లేచి, పాటయ్యాక ఒకదాని చోట ఒకటి కూర్చునేవి. పక్క ఊరి కుండల్లో చిలక్కుండానే వెన్న తేలేది. ఇందులో ఒక్క ముక్క ఎక్కువ చెప్పుంటే నా నాలుక మీద తేలు కుట్టనీ.

అలాంటి బ్యాండు ఇరవై రోజులుగా నోరు విప్పలేదు. బయట కనిపించడం కూడా మానేసింది.

"కొత్త పాట కడుతున్నారు," అంది ఉడుత.

అంతే, గుట్టకింది తుమ్మనీడలో అభిమానుల సభ మొదలైంది. ఉడుత, మేక, గాడిద. మేత లేదు, నీళ్లు లేవు, పొద్దస్తమానం అదే మాట.

"వాన పాటే," అంది మేక. "కనిపించకుండా పోయే ముందు కౌజమ్మ మబ్బు వైపు రెండుసార్లు చూసింది."

"రెండు కాదు, మూడు. మూడుసార్లు చూస్తే అది విరహం పాట," అంది ఉడుత.

"విరహమా, నీ మొహమా! యుద్ధం పాట," అన్నాడు గాడిద. "చిన్న మరిది రాతి మీద గోళ్లు నూరుకోవడం ఈ కళ్లతో చూశాను. ఎందుకైనా మంచిదని నేనూ పొద్దున్నించి గొంతు సాధన చేస్తున్నాను."

"అది సాధనా మామా? కడుపునొప్పేమోనని ఆకు కూడా తెచ్చానే!" అంది మేక.

పక్కనే నెమరేసుకుంటున్న ముసలి గేదె అత్త తల తిప్పింది. "గుడ్లు పొదుగుతోందేమోనే. పిట్ట ఇన్నాళ్లు నోరు మూసుకునేది అప్పుడే."

ముగ్గురూ ఆమె మీద విరుచుకుపడ్డారు. "పాటల సంగతి నీకేం తెలుసత్తా! బురదలో పడుకో పో!"

గేదె అత్త పోలేదు, పట్టించుకోనూ లేదు.

ఈ అభిమానులకి ఒక ఒట్టు ఉంది. కౌజులు ఎక్కడ దాక్కున్నారో తలా కాస్త తెలుసు. కానీ బయటివాళ్లకి చెప్పకూడదు, బ్యాండు పనికి అడ్డు తగలకూడదు. ఆ ఒట్టు సంగతి తెలియక నక్క బావ మూడు రోజులు మర్యాదగా అడిగాడు. "ఒక్కసారి దూరం నుంచి దండం పెట్టుకొస్తానమ్మా," అన్నాడు. ఒక్కరూ పెదవి విప్పలేదు. కౌజు మాంసం తలుచుకుని వాడు కార్చిన లాలాజలంతో అరెకరం ఉలవ మొలకెత్తింది.

నాలుగో రోజు వాడు అడగడం మానేశాడు. తుమ్మనీడకొచ్చి, ఒళ్లు విరుచుకుని, ఎవరినీ చూడకుండా అన్నాడు.

"ఆ బ్యాండు పనైపోయింది. తూర్పు వాలున కూచుని పక్క గుట్ట గువ్వల పాట కాపీ కొడుతున్నారట."

మేక గడ్డం నిటారుగా లేచింది. "కాపీయా! కౌజమ్మా? నోరు కడుక్కుని మాట్లాడు! అయినా తూర్పు వాలేమిటి? వాళ్లు పడమటి వాలు తప్ప తొక్కరు!"

"పడమరైతే మాత్రం? జిల్లేడు చెట్ల కింద మెత్తగా కునుకు తీస్తూ కట్టేది కూడా ఒక పాటేనా!"

గాడిద మామ రెండు వెనక్కాళ్లతో నేలని తన్నాడు. "జిల్లేడా! రేగుపొదలో, ముళ్లమధ్య కూచుని కడతారురా! అందుకే ఆ గొంతులో ఆ పదును! తెలియకపోతే తెలియదని చెప్పు!"

"ఓ, రేగుపొదా. ఆ మొదటిదేగా, ఎండిపోయింది..."

ఇక ఉడుత ఆగగలదా! తోక జెండాలా లేపి ఎగిరింది. "మూడోది! పగిలిన బండ ఆనుకుని ఉన్న మూడో పొద! బ్యాండు గురించి ఇంతమాత్రం తెలియనివాడివి మా ముందు నోరెత్తుతావా? సిగ్గు లేదూ?"

"తప్పే వదినా. పెద్ద తప్పే," అని నక్క బావ వినయంగా తల వంచి, నాలుకతో మూతి ఈ చివర నుంచి ఆ చివరకి తుడుచుకుని, పడమటి వాలు వైపు బయల్దేరాడు.

"వాడికి బాగా గడ్డి పెట్టాం," అంది మేక.

గేదె అత్త నెమరేయడం ఆపింది. "చెప్పకూడదని ఒట్టేసుకున్నారు కదే?"

"మేమెక్కడ చెప్పాం? వాడి తప్పు దిద్దాం!" అంది ఉడుత.

"వాడు పాట గురించి ఒక్క ముక్క అడిగాడా? దిక్కు అన్నాడు, చెట్టు అన్నాడు, ఎన్నో పొదో అన్నాడు. మీరు ముగ్గురూ చెయ్యి పట్టుకుని గూటి దాకా తీసుకెళ్లారు."

తుమ్మచెట్టు మీది చీమలు కూడా నడక ఆపేశాయి. మేక నోట్లోని ఆకు కింద పడింది. "దొంగవెధవ! మన అభిమానాన్నే వాడుకుంటాడా!" అని గాడిద పరిగెత్తబోయాడు.

"ఆగు. నువ్వు చేరేసరికి వాడు తిని పళ్లు కూడా కుట్టుకుంటాడు," అంది గేదె. "కాళ్లతో అయ్యే పని కాదు. వాడికి ఒకటే నమ్మకం, మీరు కోపంలో అన్నదే నిజమని. సరే, కోప్పడండి."

అని, ఏడూళ్ల అవతల కల్లుపాకలు కూలేంత గట్టిగా అరిచింది. "ఏమే ఉడుతా! మూడో పొదా? అది పోయినేడాది చోటు! అసలు చోటు కూడా తెలియని నువ్వు అభిమానివా?"

ఉడుతకి ఒక్క క్షణం నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మరుక్షణం అర్థమైంది. "నాకా తెలియంది? తంగేడు మొదట్లో బొరియ! ఆ బొరియలో కూచుని దరువు కడుతున్నారు! నక్కకి నిజం చెబుతానా? వట్టి పొద చూపించి పంపాను!"

"ఒసే, మెల్లగానే! వింటాడు!" అంది మేక, ఇంకా గట్టిగా.

"విననీ! ఆ బొరియ వాడి కంటికెక్కడ ఆనుతుంది?" అని గాడిద ఓండ్ర పెట్టాడు. ఇన్నాళ్లూ చేసిన గొంతు సాధన అక్కరకొచ్చింది.

వాలు మీద నక్క బావ ఆగాడు. మూడో రేగుపొద ఇక పది అడుగులే. కౌజమ్మ పదకొండు గుడ్ల మీద రెక్కలు పరుచుకుని, ఊపిరి బిగబట్టి ఉంది. వాడు నవ్వుకున్నాడు. "ఉడుత వదిన గట్టిదే. కానీ కోపమొస్తే నిజం కక్కేస్తుంది పాపం," అని తంగేడు వైపు తిరిగాడు.

బొరియలోంచి గలగలమని చప్పుడు. "ఆహా, దరువు!" అని కళ్లు మూసుకుని మూతి మొత్తం లోపలికి దూర్చాడు.

లోపలున్నది ముళ్లపంది అవ్వ. పగలు ఆవిడ నిద్ర చెడగొట్టినవాడు ఈ గుట్టమీద మళ్లీ నవ్వలేదు. "ముసలిదాని గదిలో మూతి పెడతావురా, మర్యాద లేనివాడా!" అని వెనక్కి తిరిగి ఒక్క విసురు విసిరింది. వాడి మూతిలో మూడు వందల ముళ్లు దిగాయి. వాడు పెట్టిన కేకకి పైన ఎగిరే గద్ద దారి తప్పి సముద్రం మీద తేలింది.

ఆ తర్వాత నాలుగు రోజులకి పొద్దున్నే బ్యాండు గుట్టెక్కింది. వెనకాల పదకొండు పిల్లలు. అది వాన పాట కాదు, విరహం కాదు, యుద్ధం కాదు. పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచే పాట. పేరు విన్న పిల్ల "కీక్" మంటుంది, మరుదులు దరువేస్తారు. మేక ఏడ్చిన కన్నీళ్లకి వాగు పొంగింది. "నేనన్నానా!" అని గేదె అత్త ఒక్కసారే అని ఊరుకుంది.

అప్పుడే ఎదుటి గుట్ట మీంచి, గుమ్మడికాయంత వాచిన మూతితో నక్క బావ కూశాడు. "పిల్లలు తొమ్మిదేగా! వాళ్లు పడుకునేదీ ఆ పాత పొదలోనే! దరువేసేది కౌజమ్మే కదా!"

ఎంత ఘోరం! ఎన్ని తప్పులు! మేక గడ్డం వణికింది. చప్పున నోటినిండా తుమ్మకాయలు కుక్కుకుంది. గాడిద మామ తల ఇసుకలో దూర్చాడు. ఉడుత తన తోకని తానే కొరుక్కుంది, గుర్తు ఇప్పటికీ ఉంది. సాయంత్రం దాకా వాడు యాభై తప్పులు అరిచాడు, ఒకదాన్ని మించి ఒకటి. ఒక్కరంటే ఒక్కరు దిద్దలేదు. వాడు ఖాళీ కడుపుతో, ముళ్ల మూతితో గుట్ట దిగి వెళ్లిపోయాడు.

వాదంలో గెలిస్తే చాలనుకునేవాడి నోట్లోంచి రహస్యం లాగడానికి ప్రశ్న అక్కర్లేదు, ఒక్క తప్పు మాట చాలు.