చూరులో మందుపొట్లాలు

అనగా అనగా, సముద్రపు ఒడ్డున వీరవల్లభుడు ఏలే రాజ్యం ఒకటి. ఆ రాజు దయగలవాడు. కోటలో వైద్యశాల కట్టించి, మందు అందరికీ ఉచితం అన్నాడు.

ఒక ఏడు చలిజ్వరాలు వచ్చాయి. కోటలోని వాళ్లు కోలుకుని లేచి తిరిగారు. ఉప్పుమడుల పేటలో మాత్రం మనుషులు పోతూనే ఉన్నారు.

రాజు దండోరా వేయించాడు. పేటవాళ్లు వచ్చి మందు పట్టుకెళ్లారు. జ్వరం తగ్గలేదు.

భటులతో ఇంటింటికీ మందు పంపించాడు. చేతులు జోడించి పుచ్చుకున్నారు. అయినా తగ్గలేదు.

రాజుకు కోపం వచ్చింది. "ఆ పేటకు ఇచ్చే మందంతా వృథా! ఇక ఆపేయండి" అన్నాడు.

అప్పుడు, ఊళ్లు తిరిగి ప్రజల మంచిచెడ్డలు చూసే సింగమ్మ ముందుకొచ్చింది.

"ప్రభూ, ఒక్కసారి నన్ను వెళ్లి రానివ్వండి."

"భటులకు చెప్పనిది నీకు చెబుతారా?"

"భటులు గుమ్మం దగ్గరే నిలబడ్డారు ప్రభూ. నేను లోపల కూర్చుంటాను."

రాజు సరేనన్నాడు. సింగమ్మ పేటకు వెళ్లి, ఉప్పుమడిలో దిగి, బంగారి అనే ఆమె పక్కన ఉప్పు ఎత్తింది.

"అయ్యో, కోట నుంచి వచ్చిన అమ్మ చేతులు బొబ్బలెక్కాయే!" అని ఆడవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లే గంజి తాగుదువుగాని రమ్మన్నారు.

బంగారి గుడిసెలో ఆమె కూతురు ముత్యాలు జ్వరంతో మూలుగుతోంది. సింగమ్మ తలెత్తి చూస్తే చూరులో మందుపొట్లాలు, విప్పనివి!

"ఇదేమిటే బంగారీ! పిల్ల ఒళ్లు కాలిపోతుంటే మందు దాచుకున్నావా?"

"ఆవుపాలతో వేయమన్నారు పిన్నీ. ఈ ఉప్పునేలలో గడ్డిపరకైనా మొలవదు, ఇక ఆవెక్కడిది? పాలు దొరికిన రోజున వేద్దామని ఉంచాను."

"ఆ ముక్క చెప్పొద్దూ?"

"మందిచ్చిన మారాజును పాలు కూడా పొయ్యమనమంటావా? మాకు ఆ మాత్రం సిగ్గులేదనుకున్నావా?"

సింగమ్మ పరుగున కోటకు వెళ్లింది. సంగతి విని వైద్యుడు ఔబళాచార్యులు ఆశ్చర్యపోయాడు. "గంజితో వేసినా పనిచేస్తుందే! ఎవరూ అడగలేదమ్మా."

"వాళ్లూ అడగలేదు, మనమూ అడగలేదు. రండి, ఆ మాట మీ నోటితోనే చెబుదురుగాని."

ఆచార్యులు పేటకు వచ్చి, గంజిలో మందు కలిపి ముత్యాలుకు తాగించాడు. అది చూసి పేటలో ప్రతివాళ్లూ తమ చూరులో చెయ్యి పెట్టారు. మర్నాటికి పిల్లకు చెమటలు పట్టాయి. లేచి కూర్చుని, గంజి చప్పగా ఉందని అమ్మ మీద విసుక్కుంది. బంగారి ఏడుస్తూనే నవ్వింది.

రాజు తన ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు. పేటపేటకూ సింగమ్మలాంటి వాళ్లను పెట్టాడు.

మందు అందరికీ పంచితే సరిపోదు. ఎవరింట ఏముందో, ఏం లేదో వెళ్లి కనుక్కున్నప్పుడే అది అందరికీ అందినట్టు.