గణితకేసరి చేతుల్లో పళ్ళెం

పాలవెల్లి కోటను ఏలే భైరవనాయకుడికి ఒక పొద్దున ఉన్నట్టుండి తన కూతురికి కూడికలు రావాలనిపించింది. చదువు మీద ప్రేమతో కాదు. ముందురోజు విందుకొచ్చిన పక్క సంస్థానం రాజు, తన ఆరేళ్ళ మనవరాలు లెక్కలు ఎలా చెబుతుందో పులుసు దగ్గర మొదలుపెట్టి పెరుగన్నం దాకా పొగిడాడు. మన రాజుగారికి పాయసం సహించలేదు.

రాజుగారి కూతురు మైలమకూ ఆరేళ్ళే. వెంటనే ఆస్థాన పండితుడు అనంతభట్టును గురువుగా పెట్టారు. ఆయన బిరుదు గణితకేసరి. అది ఎవరిచ్చారని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోవడంతో ఆయనకే స్థిరపడిపోయింది.

భట్టుగారి పద్ధతి ఘనమైనది. పది దాకా వచ్చే కూడికలన్నీ పద్యాలుగా కట్టారు. పది దాటినవి వచ్చే ఏడు కడతారట. పిల్ల వాటిని వల్లించాలి, వేళ్ళు మడవకూడదు. మడుస్తుందేమోనని చేతులు వెనక్కి పెట్టించి పట్టుదారంతో కట్టించేవారు.

"లెక్కకు చేతులతో పనేమిటి?" అనేవారు రోజూ, తన చేతులు శాలువా కింద దాచుకుని.

ఆర్నెల్లలో మైలమకు పద్యాలన్నీ వచ్చేశాయి. మూడు జామకాయలకు రెండు కలిపితే ఎన్నని రాణిగారు అడిగితే మాత్రం మూడో పద్యం మొదటినుంచి ఎత్తుకునేది. రెండో పాదంలో ఏడుపు అందుకునేది.

ఓదార్చే పని దాది ఎర్రక్కది. పాఠం మధ్యలో భట్టుగారికి మజ్జిగ అందించే పనీ ఆమెదే. ఆయన లెక్క అడిగిన ప్రతిసారీ ఆ శాలువా కింద పిల్లికూన దొర్లినట్టు ఏదో కదలడం ఆమె చూసింది. చూసి ఊరుకుంది.

ఎర్రక్కకు పద్యాలు రావు. ఉన్నదల్లా ఒక వామనగుంటల పీట, కొంగులో కొన్ని చింతపిక్కలు. పాఠం అయ్యాక పిల్లను ఎదురుగా కూచోబెట్టుకుని ఒక గుంటలో ఎనిమిది, పక్క గుంటలో అయిదు వేయించేది. ఎనిమిది పది కావాలంటే పక్కనుంచి ఎన్ని జరపాలో అడిగేది. పిల్ల రెండు జరిపేది. ఇటు పది, అటు మూడు. స్నానం చేయిస్తే చెంబులు, మేడ ఎక్కితే మెట్లు, మాల కడితే మల్లెలూ కనకాంబరాలూ, ఏది దొరికితే అది కలిపించేది. కొన్నాళ్ళకు మైలమ కళ్ళు మూసుకుని, లేని గుంటల్లో లేని పిక్కలు జరపడం మొదలుపెట్టింది.

సంగతి భట్టుగారి చెవిన పడింది. రాజకుమారిది మంచి బుర్రేననీ, దాది పిక్కలాటలతో దాన్ని పాడుచేస్తోందనీ, ఆమెను కోట దాటిస్తే తప్ప విద్య అబ్బదనీ సభలో విన్నవించుకున్నారు. ఆర్నెల్ల చదువు చట్టుబండలైతే కారణం మజ్జిగ తెచ్చే మనిషి అన్నమాట.

రాజుగారు తేల్చేశారు. శుక్రవారం సభలో పరీక్ష. పిల్ల తప్పు చెబితే ఎర్రక్క ఆ పూటే కోట వదలాలి, పీట పొయ్యిలోకి పోవాలి. ఒప్పయితే ఎర్రక్క ఏం కోరినా ఇస్తారు. ఆ మాట విన్న మైలమ రెండు రోజులు ఎర్రక్క కొంగు వదల్లేదు.

ఎర్రక్క ఒక్కటే అడిగింది. పరీక్షకు ముందు గురువుగారికి తాంబూలం ఇచ్చుకుంటానంది. పాలవెల్లిలో ఒక ఆచారముంది. నిండు సభలో అందుకున్న తాంబూలం పళ్ళెం రాజు లేచేదాకా కింద పెట్టకూడదు. భట్టుగారు వెంటనే సరేనన్నారు. సత్కారాన్ని కాదన్న రోజు ఆయన జీవితంలో లేదు.

శుక్రవారం పళ్ళెం వచ్చింది. తమలపాకులు, వక్కలు, రెండు కొబ్బరికాయలు, అరటి హస్తం, పట్టుపంచె, మధ్యలో అంచుదాకా తేనె పోసిన వెండి గిన్నె. రెండు చేతులూ పెడితే గాని నిలవని బరువు. భట్టుగారు అందుకుని, పిల్ల చేతులు కట్టమని సైగ చేశారు.

ఎర్రక్క రాజుగారికి దణ్ణం పెట్టింది.

"పద్యాల్లో లేని లెక్క అడగండి ప్రభూ. ఉన్నది చెబితే ఆ గొప్ప భట్టుగారిది. నాకేం మిగులుతుంది?"

రాజుగారు కాసేపు పైకప్పు వైపు చూసి అడిగారు. "ఎనిమిదీ, ఏడూ, ఆరూ. కలిపితే ఎంతమ్మా?"

మైలమ కళ్ళు మూసుకుంది. "ఏడులోంచి రెండు ఎనిమిదిలోకి. పది. ఇక్కడ అయిదున్నాయి. ఆరులోంచి అయిదు ఇందులోకి. ఇంకో పది. ఒకటి మిగిలింది." కళ్ళు తెరిచింది. "ఇరవై ఒకటి, నాన్నగారూ."

ఒప్పో తప్పో రాజుగారికి తెలీదు. రాజులకు ఆ అవసరం రాదు. ఆయన పండితుడి వైపు తిరిగారు. "ఒప్పేనా, భట్టుగారూ?"

భట్టుగారు నోరు తెరిచారు. పద్యమేదీ రాలేదు. కుడి బొటనవేలు పళ్ళెం అంచు వదిలి చూపుడువేలి కణుపు వెతుక్కోబోయింది. గిన్నె ఊగింది. వేలు గబుక్కున వెనక్కి వచ్చింది. ఎడమ చేత్తో ప్రయత్నించారు. కొబ్బరికాయ దొర్లింది.

"ప్రభూ, ఈ పళ్ళెం ఒక్క క్షణం దించితే..."

"దించకూడదుగా. అయినా ఎందుకూ?"

"చేతులు ఖాళీ లేవు ప్రభూ."

ఎర్రక్క ఎంతో వినయంగా అడిగింది.

"లెక్కకు చేతులతో పనేమిటి స్వామీ?"

ముందు వింజామరలు వీచేవాళ్ళు నవ్వారు, తర్వాత సామంతులు, చివరికి రాజుగారు. మంత్రి ఎర్రక్క పిక్కలే తీసుకుని సింహాసనం మెట్టు మీద పేర్చి చూశాడు. ఇరవై ఒకటే.

రాజుగారు సింహాసనం మీదినుంచి లేవకుండానే ఇద్దరినీ దగ్గరకు పిలిచి, తన చేతి కంకణం ఎర్రక్కకు తొడిగి, పిల్ల చేతులు స్వయంగా విప్పారు. ఏం కావాలో కోరుకోమన్నారు. ఈ పిల్ల చేతులు ఇంకెవరూ కట్టకూడదనీ, ఇంకో గుంటల పీట చేయించమనీ అడిగింది ఎర్రక్క.

"ఉన్నది చాలదా? రెండోది ఎవరికి?"

ఎర్రక్క భట్టుగారి వైపు చూసింది. మైలమ ఎర్రబడ్డ మణికట్లు రుద్దుకుంటూ పళ్ళెం ముందుకు వెళ్ళి నిలబడింది.

"రేపట్నుంచి మీరూ రండి, భట్టుగారూ. మీ చేతులు కట్టనులెండి."

రాజుగారు లేచేదాకా పళ్ళెం దించకూడదు. నవ్వు ఆగక ఆయన చాలాసేపు లేవలేకపోయారు.